పసుపు గూటిలో దాగిన తెలుపు

బాలికల వసతి గృహం, మైసూరు
27 జూన్ 1993

అత్తా,

నీకు, మామకు, షెడ్డులో తట్టల నిండా పాకుతున్న పట్టుపురుగులకు నా నమస్కారాలు. పురుగులకు నమస్కారమేమిటని నవ్వకు. అమ్మానాన్నలు కొడగు కాఫీ తోటల్లో పనికి వెళ్ళిపోయాక నువ్వు నన్ను పెంచింది ఆ తట్టల మధ్యనే కదా. పొద్దున్నే ముందు వాటికి ఆకు వేసేదానివో, ముందు నాకు ముద్ద పెట్టేదానివో ఇప్పటికీ నాకు తెలియదు.

హాస్టల్ బాగుంది. ఉప్పిట్టు మాత్రం బాగాలేదు, రవ్వంతా ముద్దకట్టి ఉంటుంది. పళ్ళెం తలకిందులు చేసినా కింద పడదు. నా పక్క మంచం అమ్మాయి నాగరత్న దాన్ని బొమ్మలు చేయడానికి వాడుతుంది. నిన్న ఒక ఏనుగు చేసింది, దసరా అంబారీతో సహా.

అసలు సంగతి చెప్పాలి. పదో తరగతి జీవశాస్త్రంలో కొత్త పాఠం మొదలైంది. ఫిలోమినా మిస్ బోర్డు మీద ఒక్క మాట రాసి, సుద్దముక్క పక్కన పెట్టి, మమ్మల్నందరినీ చూసింది. ఆ మాట ‘అనువంశికత’. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు రావడాన్ని అలా అంటారట. పిల్లలందరూ ఒకే అచ్చులా ఉండకుండా తేడాలతో పుట్టడం ‘వైవిధ్యం’. లక్షణాన్ని మోసుకొచ్చే చిన్న మూట ‘జన్యువు’. ఈ మూడు మాటలనూ ఒక కొత్త నోటుపుస్తకంలో రాసుకున్నాను. అందులో మాటలు తప్ప ఇంకేమీ రాయను. మంచి మాట దొరికితే నాకు చేతిలో వెచ్చగా ఏదో ఉన్నట్టు ఉంటుంది అత్తా. నీకు పట్టుపురుగుల గుడ్లు అంటించిన కొత్త కాగితం చేతికొచ్చినప్పుడు అలాగే ఉంటుందేమో.

ఆలోచిస్తే మనకిది కొత్త సంగతేమీ కాదు. మేలైన తల్లిదండ్రులకు మేలైన పిల్లలు పుడతారు. అంతే. కోతలప్పుడు నువ్వు మంచి రాగి వెన్నులు ఏరి విత్తనానికి దాస్తావు చూడు, అది అనువంశికతే. పేరు తెలియకుండా ఇన్నేళ్ళుగా నువ్వు జీవశాస్త్రం చేస్తున్నావు.

నీ పంట ఎలా వచ్చింది? గూళ్ళు విప్పారా?

నీ జయశీల


నెల్లిదొడ్డి, కనకపుర తాలూకా
5 జూలై

జయా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నా కోసం, రెండోసారి మీ మామకు వినిపించడానికి, మూడోసారి సాకమ్మ గుమ్మం ముందు నుంచి పోతుంటే కొంచెం గట్టిగా.

పంట సంగతి అడిగావు. పురుగులు గూడు కట్టే వెదురు చంద్రికల మీద నుంచి గూళ్ళు ఒక్కొక్కటే విప్పి చూశాను తల్లీ. ఒక్కటి పాడు లేదు. అన్నీ ఒకే సైజు, ఒకే పసుపు, అరిటిపండు గుజ్జు రంగు. సంతలో మన కుప్ప చుట్టూ జనం మూగారట. సాకమ్మ వచ్చి చూసి, “బాగానే ఉన్నాయిలే అక్కా,” అంది. నా తోడికోడలి నోట ఆ మాట వచ్చిందంటే లోపల ఎంత మండిందో లెక్క కట్టుకో.

ఇంకో వార్త. మన ఊరికి చాకీ ఇల్లు ఇస్తున్నారు. గుడ్డు పొదిగినప్పటి నుంచి రెండోసారి కుబుసం విడిచే జ్వరం దాటేదాకా ఊరందరి పిల్లపురుగులనూ ఒక్క చోటే పెంచి, ఆ తర్వాత ఎవరివి వాళ్ళకు పంచాలి. ఎవరి చేతికివ్వాలో మన సంఘంలో పదకొండుమంది ఆడవాళ్ళమే తేల్చుకోవాలంట, దసరా లోపల. అడుగుతున్నది ఇద్దరం, నేనూ సాకమ్మా. ముప్ఫై ఏళ్ళుగా ఈ చేతులు పురుగులను సాకాయి. ఒక్కసారి ఊరంతా వచ్చి ‘మా పిల్లలను నీ చేతిలో పెడుతున్నాం హొంబాళమ్మా’ అనాలని ఉంది. నీకు కాబట్టి చెప్పాను. మామకు చెబితే నవ్వుతాడు.

మేలైన వాళ్ళకు మేలైన పిల్లలని రాశావు చూడు, ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. ప్రతిసారీ ఎవరో ఇచ్చింది తెచ్చుకోవడమేంది? ఈసారి నా కళ్ళతో నేనే మేలైనవి ఏరి విత్తనానికి పక్కన పెట్టాను. మామకు కూడా చెప్పలేదు. వచ్చే పంటకు చూడు, సాకమ్మ నోరు మూతపడుతుంది.

కరకరలాడేట్టు కోడుబళె చుట్టి వేయించి పంపుతున్నాను. ఉప్పిట్టు ఏనుగును మాత్రం తినకండి.

హొంబాళమ్మ


మైసూరు
10 జూలై

అత్తా,

కోడుబళె డబ్బా మూత తీసిన చప్పుడుకే పన్నెండుమంది వచ్చారు. నాకు మూడు దక్కాయి.

విత్తనం నువ్వే ఏరుకున్నందుకు ఎంత సంతోషించానో! రాగి విషయంలో నీ కన్నును మించిన కన్ను తాలూకాలో లేదు. చాలా మంచి పని చేశావు. చాకీ ఇల్లు నీకే వస్తుంది. నా ఓటు చెల్లదు కానీ, చెల్లితే నీకే.

ఈ వారం నోటుపుస్తకంలో చేరిన మాటలు చూడు. ‘బహిర్గతం’, ‘అంతర్గతం’. పొడుగు బఠానీ మొక్కను పొట్టి బఠానీ మొక్కతో కలిపితే పుట్టిన మొక్కలన్నీ పొడుగే! ఒక్క పొట్టిదీ లేదు. పైకి కనిపించే పొడుగుది బహిర్గత లక్షణం. పొట్టిది మాయమైపోయింది. అది అంతర్గత లక్షణం. ఇలా రెండు రకాలను కలపడం ‘సంకరణం’. పైకి కనబడే రూపం ‘దృశ్యరూపం’. లోపలి జన్యువుల లెక్క ‘జన్యురూపం’. ఒక లక్షణానికి సంబంధించిన జన్యువుకే వేరువేరు రూపాలుంటే వాటి పేరు ‘యుగ్మవికల్పాలు’. ఈ చివరి మాటను కోడుబళెలా నెమ్మదిగా కొరికి తినాలి. నాగరత్న ఇంతవరకూ తప్పు లేకుండా పలకలేదు.

తరవాతి తరంలో ఏం జరుగుతుందో మిస్ చెప్పేలోపు ఆమెకు జ్వరం వచ్చింది. పురుగుల జ్వరం కాదు, మనుషుల జ్వరం. పాఠం ఆగింది. వచ్చే నెల పరీక్షలు. ఉత్తరం ఆలస్యమైతే కోపగించుకోకు.

నీ జయ


నెల్లిదొడ్డి
24 ఆగస్టు

జయశీలా,

నీ చదువును పొయ్యిలో పెట్టు.

ఆ మాట రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను. ఉండనీ.

రాగి అని రాశావు. ఆషాఢంలో రాగి ఎక్కడుందే? అప్పటికి నాటనైనా నాటలేదు. మైసూరు నీళ్ళు తాగి పైరు ఏ నెలలో ఏముంటుందో కూడా మరిచిపోయావా? నేను ఏరి దాచింది పట్టుగూళ్ళు. అరిటిపండు రంగువి, మేలైనవాటిలో మేలైనవి. అవి రెక్కల పురుగులై బయటికొచ్చాక జత కట్టించి గుడ్లు పెట్టించాను. గుడ్ల కేంద్రానికి పోలేదు. సొంత గూళ్ళను విత్తనానికి ఉంచవద్దని పట్టుశాఖాయన ప్రతి ఏడూ చెబుతాడు. వాళ్ళ గుడ్లు అమ్ముడుపోవాలి కాబట్టి చెబుతాడనుకున్నాను. ‘చాలా మంచి పని చేశావు’ అని నువ్వు రాశావు కదా, షెడ్డంతా వాటితోనే నింపాను.

ఇంక విను. గుడ్లలో కొన్ని నల్లబడి పొదగనే లేదు. పొదిగినవి ఒక్కసారిగా పొదగలేదు. నాలుగో జ్వరానికి సగం నిద్రపోతుంటే సగం ఆకు నములుతున్నాయి. గూడు కట్టడానికి పండడం ఒకటి ఈరోజు, ఒకటి నాలుగు రోజులకు. చంద్రికల నుంచి విప్పితే కొన్ని గూళ్ళు నిమ్మకాయంత, కొన్ని శనక్కాయంత. అవన్నీ పోనీ. పసుపు గూళ్ళ మధ్య తెల్ల గూళ్ళు, జయా! ఇక్కడొకటి, అక్కడొకటి, ఎక్కడ చూసినా. నేను దాచినవాటిలో ఒక్కటంటే ఒక్కటి తెల్లది లేదు. మామ వాటిని రెండు కుప్పలు చేసి సంతకు మోశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇది సాకమ్మ పని. పురుగులు రెండో జ్వరం నుంచి లేచినప్పుడు నేను బారసాలకు కనకపుర పోయి రెండు రోజులుంటే ఆకు వేసింది ఆమే. తెల్లగూటి జాతి పిల్లలను తెచ్చి కలిపేసింది. కొళాయి దగ్గర అందరి ముందే అడిగేశాను. ఏమందో తెలుసా? “నీ ఇంటి పురుగులకు సున్నం కొట్టడానికి నాకేం పని అక్కా?” అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వి ఊరుకోలేదు. సొంత షెడ్డునే చూసుకోలేని మనిషికి ఊరి పిల్లపురుగులు ఎట్లా ఇస్తామంటున్నారు.

పొట్టిది మాయమైపోయిందని నువ్వే రాశావు. పసుపుది గట్టి రంగు, తెల్లది చేతకాని రంగు అనేకదా దాని అర్థం? మాయమైంది ఎట్లా తిరిగొస్తుంది? ఎవరో తెచ్చి పెడితే తప్ప.

హొంబాళమ్మ


మైసూరు
29 ఆగస్టు

అత్తా, మా అత్తా,

ముందు ఒక్కటి చెయ్యి. సాకమ్మత్తతో ఇంకేమీ అనకు. ఆమె ఏ తప్పూ చేయలేదు. ఇంకెవరూ చేయలేదు. తప్పు నాది. ఒకటి కాదు, మూడు.

మొదటిది: ‘మేలైన తల్లిదండ్రులకు మేలైన పిల్లలు’ అన్న వాక్యం పుస్తకంలో లేదు. మిస్ చెప్పలేదు. బాగుందని నేనే చేర్చాను. రెండోది: ‘మాయమైపోయింది’ అని రాశాను. మాయం కాలేదు, దాక్కుంది. అంతర్గతమంటే లోపల ఉన్నదని. ఆ మాటే చెబుతోంది, అయినా నేను వినలేదు. మూడోది: తరవాతి తరం పాఠం నాకు నాలుగు వారాల కిందటే తెలిసింది. రాగికి అవసరం లేదులే అనుకుని రాయలేదు. నీ ఉత్తరం చదివి నేను గంటసేపు బట్టలారేసే మిద్దె మీద కూర్చున్నాను. నాగరత్న వచ్చి పక్కన కూర్చుంది.

ఇప్పుడు జాగ్రత్తగా రాస్తాను. నువ్వు కూడా ఒక కాగితం తీసుకో.

ప్రతి పురుగుకూ గూటి రంగు కోసం రెండు యుగ్మవికల్పాలుంటాయి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. పసుపుకు ‘ప’, తెలుపుకు ‘తె’ అనుకుందాం. గుడ్ల కేంద్రంవాళ్ళు మైసూరు జాతి తల్లిని తెల్లగూటి జాతి తండ్రితో కలుపుతారు. తల్లి ప–ప. తండ్రి తె–తె. రెండూ ఒకటే అయితే ‘సమయుగ్మజం’. పిల్లకు తల్లి నుంచి ‘ప’, తండ్రి నుంచి ‘తె’. కాబట్టి పిల్లలన్నీ ప–తె. ఇది ‘విషమయుగ్మజం’. పైకి పసుపు, లోపల తెలుపు. నువ్వు ఏరి దాచిన అరిటిపండు రంగు గూళ్ళన్నీ ఇవే. దృశ్యరూపం నీకు కనిపించింది. జన్యురూపం ఎవరి కంటికీ కనిపించదు, నీ కంటికి కూడా.

వాటిలో వాటికే జత కట్టిస్తే ఏమవుతుందో చౌకాబారా ఆటకు గీసే పటంలా నాలుగు గళ్ళు గీసి చూడు. తల్లి ‘ప’ ఇవ్వవచ్చు, ‘తె’ ఇవ్వవచ్చు. తండ్రీ అంతే. గళ్ళలో పడేవి ప–ప, ప–తె, తె–ప, తె–తె. మొదటి మూడూ పసుపు. నాలుగోది తెలుపు. నాలుగింట ఒకటి! ఎవరూ తెచ్చి పెట్టలేదు అత్తా. ఆ తెలుపు మొదటి నుంచీ నీ పసుపు గూళ్ళలోనే ఉంది.

బహిర్గతమంటే గట్టిదని కాదు, మేలైనదనీ కాదు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నప్పుడు ఎవరి మాట బయటికి వినిపిస్తుందన్నదే. అంతర్గతమైనది నోరు విప్పదు. చేతకానిది మాత్రం కాదు.

రంగు ఒక్కటే కాదు. గూటి సైజు, పండే రోజు, గుడ్డు పొదిగే తీరు, అన్నీ ఇలాగే విడిపోయి కొత్తగా పంచుకుంటాయి. మొదటి తరంలో రెండు జాతుల కలయిక వల్ల వచ్చే ఊపు ఒకటుంటుంది. దాన్ని ‘సంకర తేజం’ అంటారు. రెండో తరానికి అది తగ్గిపోతుంది. అందుకే పట్టుశాఖాయన ప్రతిసారీ కొత్త గుడ్లు తెచ్చుకోమనేది. రాగి వేరు. అది చాలావరకు తన పుప్పొడితోనే గింజ కట్టుకుంటుంది కాబట్టి తరతరాలుగా ఒకేలా ఉంటుంది. రాగికి నీ పద్ధతి సరైనదే. అదే పద్ధతి పట్టుకు పనికిరాదు. ఆ తేడా చెప్పాల్సింది నేను.

ఒక్క కోరిక. ఒక చంద్రిక గూళ్ళు ఇంకా మిగిలి ఉంటే, పసుపు ఎన్ని, తెలుపు ఎన్ని లెక్కపెట్టవా? నాలుగో వంతు దగ్గరకొస్తే నేను నిజం చెప్పినట్టు. లేకపోతే నా నోటుపుస్తకాన్ని నువ్వు చెప్పిన పొయ్యిలోనే పెడతాను.

తప్పు చేసిన
జయ


నెల్లిదొడ్డి
6 సెప్టెంబరు

జయా,

నోటుపుస్తకం పొయ్యిలో పెట్టకు. పెట్టాల్సింది పెడితే నా నోరు పెట్టాలి.

నీ ఉత్తరం వచ్చినరోజే వాకిట్లో చాప పరిచాను. మామ ఆఖరి చంద్రిక సంతకు పంపకుండా ఉంచాడు, ఎందుకని అడిగితే “ఏమో, తెల్లవి చూడముచ్చటగా ఉన్నాయి,” అన్నాడు. నా లెక్క ఎవరూ నమ్మరని సాకమ్మనే పిలిచాను. రానంది. “నిన్ను తిట్టింది తప్పేమో తేల్చడానికి పిలుస్తున్నా, రావే,” అన్నాను. అప్పుడు చెంగు బిగించుకుని వచ్చింది. ఆమె పసుపువి, నేను తెల్లవి. లేత పసుపు, ముదురు పసుపు, కొంచెం పచ్చ తిరిగినవి, అన్నీ పసుపు కిందే వేశాం. మధ్యలో సంఘం ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేరారు. మామ లెక్క తప్పిస్తున్నాడని వాకిట్లోంచి పంపేశాం.

పసుపు ఆరువందల ఇరవైరెండు. తెలుపు రెండువందల రెండు.

మొత్తం ఎనిమిదివందల ఇరవైనాలుగు. దాన్లో నాలుగో వంతు రెండువందల ఆరు. నాలుగు తక్కువొచ్చాయి. ఆ నాలుగూ ఎక్కడికి పోయాయో మీ మిస్‌ను అడుగు.

అందరి ముందే చెప్పాను, “సాకీ, నీ మీద నోరు పారేసుకున్నాను. నీ తప్పు లేదు. నా పసుపు గూళ్ళలోనే తెలుపు దాక్కుని ఉంది,” అని. నాలుగు గళ్ళూ ముగ్గుపిండితో గీసి చూపించాను. అర్థమైనవాళ్ళకు అర్థమైంది. సాకమ్మ గళ్ళను అట్లా చూసి చూసి ఏమందో విను.

“లెక్క అయిపోయాక ఇట్లా అయింది, అట్లా అయిందని ఎవరైనా చెబుతారక్కా. కాకముందు చెప్పు చూద్దాం.”

నాకు కోపం రాలేదు జయా. నిజమే అనిపించింది. కాకముందు చెప్పలేకపోతే తెలిసినట్టా?

నేను ఆ గళ్ళ ముందే కూర్చున్నాను. పసుపు గూట్లో తెలుపు దాక్కోగలదు. మరి తెల్ల గూట్లో పసుపు దాక్కోగలదా? పసుపు ఒక్కటున్నా చాలు, బయటికి వినిపిస్తుందని నువ్వే రాశావు. గూడు తెల్లగా ఉందంటే లోపల పసుపు లేనట్టే. తెల్లవాటికి దాపరికం లేదు. లేచి నిలబడి చెప్పేశాను, “తెల్లవాటిలో తెల్లవాటికే జత కట్టిస్తాను. పిల్లలన్నీ తెల్ల గూళ్ళే కడతాయి. ఒక్క పసుపు గూడు వచ్చినా చాకీ ఇల్లు సాకమ్మది.”

పదిమందీ సరేనన్నారు. సాకమ్మ, “ఒక్కటంటే ఒక్కటే అక్కా, తరవాత మాట మార్చకు,” అంది.

ఇదంతా నేను ఒక్కదాన్నే ఆలోచించాను. సరిగ్గానే చెప్పానా?

హొంబాళమ్మ


మైసూరు
11 సెప్టెంబరు

అత్తా,

నీ ఉత్తరాన్ని క్లాసులో చదివాను. ‘తెల్లవాటికి దాపరికం లేదు’ అన్న దగ్గర ఫిలోమినా మిస్ ఆపమంది. మళ్ళీ చదవమంది. తరవాత బోర్డు మీద రాసింది. “అంతర్గత లక్షణం పైకి కనబడితే అది సమయుగ్మజమే,” అని పుస్తకం చెప్పేదాన్ని మీ అత్త మూడు మాటల్లో చెప్పిందని అంది. ఆ వాక్యం నోటుపుస్తకంలో రాసుకున్నాను. మాటల పుస్తకంలోకి మొదటిసారి ఒక పూర్తి వాక్యం వచ్చింది, అది నీది.

తప్పిపోయిన నాలుగు గూళ్ళ గురించి అడిగాను. మిస్ ఒక రూపాయి బిళ్ళ ఇచ్చి వందసార్లు ఎగరేయమంది. బొమ్మ నలభైఏడుసార్లే పడింది. మిగతా మూడు ఎక్కడికి పోయాయో ఆ నాలుగూ అక్కడికే పోయాయంది. పంపకంలో ఎవరికి ఏది పడుతుందన్నది బిళ్ళ ఎగరేసినట్టే. వేలల్లో లెక్కపెడితే నాలుగో వంతుకు దగ్గరవుతూ పోతుంది.

ఇప్పుడు భయపెట్టే సంగతి. నువ్వు చెప్పింది సరైనదే. కానీ నువ్వు ఒక్క పసుపు గూడు కూడా రాదన్నావు. వేలలో ఒక్కటి కూడా! మిస్‌ను అడిగితే ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అలా చేసిందంటే జవాబు తేలిక కాదని అర్థం. కొన్నిచోట్ల ఒకే రంగుకు రెండు మూడు జన్యువులు పనిచేస్తాయట. అలాంటప్పుడు తెల్లవాటికి కూడా ఒక్కోసారి రంగు పిల్లలు పుట్టవచ్చట. నీ లెక్క నాలుగో వంతుకు అంత దగ్గరగా వచ్చింది కాబట్టి ఇక్కడ ఒక్క జన్యువే తేడా అయి ఉంటుందని ఆమె నమ్మకం. “కానీ పురుగులు మన పాఠ్యపుస్తకం చదివి గూడు కట్టవు, జయశీలా,” అంది.

ఇంకోటి. గూట్లోంచి వచ్చాక రెక్కల పురుగులన్నీ ఒకేలా తెల్లగా ఉంటాయి కదా. పసుపు గూటిదేదో తెల్ల గూటిదేదో చూసి చెప్పలేం. ఒక్క పసుపు గూటి మగది తప్పించుకుని తెల్లవాటి తట్టలోకి పాకినా అంతా పాడవుతుంది. వేరువేరుగా పెట్టావా? ఎవరు కాపలా? వెంటనే రాయి. నాగరత్న, నేను, ఇంకా పదిమంది ఇక్కడ గోళ్ళు కొరుక్కుంటున్నాం.

చాకీ ఇల్లు నీకు దక్కాలి అత్తా. నా పిచ్చి వాక్యం వల్ల అది పోతే నేను దసరా సెలవులకు రాను.

జయ


నెల్లిదొడ్డి
14 అక్టోబరు

జయమ్మా,

వెంటనే రాయమన్నావు. నెల దాటినా రాయలేదు. కావాలనే. ఇటు తేలితే రాద్దాం, అటు తేలితే అసలే రాయొద్దు అనుకున్నాను.

కాపలా ఎవరని అడిగావు కదా? సాకమ్మ. రెండువందల రెండు తెల్ల గూళ్ళనూ ఆమె ఇంట్లోనే, ఆమె తట్టలోనే పెట్టాం. ఆ గదిలో పసుపు గూడు అన్నది లేదు. గది తాళంచెవి ఆమె మెడలోని నల్లపూసల పక్కనే వేలాడింది. నన్ను గడప దాటనివ్వలేదు. ఓడించాలని చూసే మనిషికంటే మంచి కాపలా ఎక్కడ దొరుకుతుంది చెప్పు? గుడ్లలో ఈసారీ చాలావరకు నల్లబడి ఊరుకున్నాయి. ఏడు జతలవి మాత్రం పొదిగాయి. ఆకు కోసింది నేను, వేసింది ఆమె. తలుపు దగ్గర గంప అందిస్తూ రోజుకు నాలుగుసార్లు ముఖాలు చూసుకున్నాం. మొదటి వారం గంప మాత్రమే చేతులు మారింది. రెండో వారం, “ఆకు తడిగా ఉంది,” అంది. మూడో వారానికి ఇద్దరం ఆ పురుగుల గురించి తప్ప ఇంకేదీ మాట్లాడుకోలేదు, గంటలు గంటలు.

మొన్న మంగళవారం విప్పాం. పదకొండుమందిమీ ఉన్నాం. సాకమ్మ వాకిట్లోనే రెండు చంద్రికలూ ఆనించాం. తెలుపు. తెలుపు. తెలుపు. అన్నం మెతుకుల్లా తెలుపు. వెయ్యి దాటాం. పదిహేనువందలు దాటాం. అప్పుడు కింది వరసలోంచి సాకమ్మ ఒక్కటి తీసి పైకెత్తింది.

పసుపు.

“ఒక్కటంటే ఒక్కటని ఒప్పుకున్నావక్కా,” అంది. గొంతులో సంతోషం ఉండాలి కదా, లేదు. నేను చెయ్యి చాపాను. ఇచ్చింది. అరచేతిలో తిప్పి చూశాను. ముప్ఫై ఏళ్ళ చేతులు జయా. ఒక పక్కే పసుపు. అది కూడా ముదురుగా మొదలై అంచుకు పోయేసరికి పలచబడింది. పురుగు దారంతో పాటు కక్కిన రంగయితే గూడంతా ఒకేలా ఉంటుంది. ఇది పైనుంచి పడింది.

“ఇది దృశ్యరూపం కాదు, మరక. పై వరస పురుగు గూడు కట్టేముందు ఒళ్ళు ఖాళీ చేసుకుని దీని మీద పోసింది,” అన్నాను.

“చెప్పడానికేం, ఎట్లా తెలుస్తుంది?” అని సంఘంలోని పుట్టమ్మ అడిగింది.

“కోసి చూడు. బయట పసుపయితే లోపలా పసుపే ఉండాలి.”

కొయ్యాల్సింది నేను కాదని బ్లేడు సాకమ్మకే ఇచ్చాను. గూడు కొసను కోసింది. లోపలి ప్యూపాను అరచేతిలోకి జార్చుకుని, గూటి లోపల వెలుతురు పడేలా తిప్పింది. చాలాసేపు చూసింది. అందరూ మెడలు చాచారు. ఆమె ఆ గూటిని పుట్టమ్మ ముక్కు దగ్గర పెట్టి, “చూడు, పాలలా ఉంది. మరకే. హొంబాళక్క కాకముందే చెప్పింది, చెప్పినట్టే అయింది. ఎవరికైనా అనుమానముంటే ఇంటికి పోయి ఆకు కోసుకోండి,” అంది.

మొత్తం పందొమ్మిదివందల ముప్ఫైఎనిమిది. అన్నీ తెలుపు.

చాకీ ఇల్లు నాకిచ్చారు. పదకొండు చేతులూ లేచాయి. అందరికంటే ముందు లేచింది సాకమ్మది. అందరి తరఫునా చాకీ ఇంటి తాళంచెవి నాకు ఇస్తూ, “పిల్లపురుగులకు ఆకు సన్నగా తరగడం నీకు చేతకాదక్కా, తాళ్ళలా తరుగుతావు. అది నా పని,” అంది. సరేనన్నాను. గుడ్లు మాత్రం కేంద్రం నుంచే తెస్తాం, ప్రతిసారీ. ఎందుకు తేవాలో ఇప్పుడు ఊరంతటికీ తెలుసు, ముగ్గుపిండి గళ్ళతో సహా.

ఇంక నీ పని. ఒక ప్రశ్న అడుగుతాను. ఒక తెల్ల గూటిదాన్ని తీసుకుని ఒక పసుపు గూటిదానితో జత కట్టిస్తే పిల్లలు ఎట్లా ఉంటాయి? జవాబు ఈ ఉత్తరం కింద మడిచి కుట్టేశాను. నీ జవాబు రాసుకున్నాకే దారం తెంచు. దొంగచూపు చూస్తే నాకు తెలిసిపోతుంది.

సెలవులకు రాకపోతే నేనే వచ్చి చెవి పట్టుకుని తెస్తాను.

హొంబాళమ్మ


మైసూరు
18 అక్టోబరు

అత్తా,

నీ ఉత్తరం చదివి మేమందరం అరిచిన అరుపుకు వార్డెన్ పరుగెత్తుకొచ్చింది. ఎవరికో తేలు కుట్టిందనుకుందట. సంగతి చెబితే ఆమె కూడా కూర్చుని మరక దగ్గర నుంచి మళ్ళీ చదివించుకుంది. మా హాస్టల్లో పందొమ్మిదివందల ముప్ఫైఎనిమిది అన్న అంకె ఇప్పుడు అందరికీ కంఠతా వచ్చు. ఫిలోమినా మిస్ కళ్ళద్దాలు తీయలేదు, తుడవలేదు. “దసరాకు మీ ఊరికి బస్సు ఎన్నింటికి?” అని మాత్రం అడిగింది. ఆమె కూడా వస్తోంది అత్తా, నీ తెల్ల గూళ్ళు చూడడానికి. ఇరవైమూడున పొద్దుటి బస్సుకు. రాగి ముద్ద, బస్సారు పులుసు చెయ్యి. ఆమె బాగా తింటుంది.

ఇక నీ ప్రశ్న. నాకు నవ్వొచ్చింది. పదో తరగతి పిల్లను అడగాల్సిన ప్రశ్నేనా ఇది? కలం తీసుకుని ఒక్క క్షణంలో రాసేశాను: ‘పసుపు బహిర్గతం కాబట్టి పిల్లలన్నీ పసుపే’. కింద గీత కూడా గీశాను. నాగరత్న చేత దారం తెంపించాను.

లోపల నీ చేతివ్రాత:

‘ఏ పసుపు అని ముందు అడిగావా? లోపల తెలుపు దాచుకోని పసుపయితే పిల్లలన్నీ పసుపే. దాచుకున్న పసుపయితే సగం పసుపు, సగం తెలుపు. అడగకుండా రాసి ఉంటే పది గుంజీళ్ళు తియ్యి.’

నాలుగు గళ్ళు గీసి చూసుకున్నాను. రెండుసార్లు గీశాను. సగం, సగం. నువ్వు చెప్పినట్టే.

తీశాను అత్తా. హాలు మధ్యలో నిలబడి, రెండు చెవులూ పట్టుకుని. నాగరత్న లెక్కపెట్టింది. పదికి ఆపకుండా పన్నెండు తీయించింది. అదేమంటే, బిళ్ళ ఎగరేసినట్టే, కొంచెం అటూ ఇటూ అవుతుందట.

నీ జయశీల